జానెడు ఎత్తు

సిమోంగు, సెప్టెంబరు 9, 1994

మరిది ఇలుకేనకు,

మన పద్ధతిలో చేతులు తట్టి వదిన నమకావు పలకరింపు. మేమంతా క్షేమం. మా ఆసుపత్రి బండి మాత్రం క్షేమంగా లేదు.

ఇరవై రెండేళ్ల బండి, కింద బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, అవే కమాన్లు, కుంగిపోయాయి. చక్రాల చాళ్ల మధ్య ఇసుక మిట్ట ఉంటుంది చూడు, దానికి పొట్ట ఆనించి కూర్చుంటోంది. పోయిన వారం ఒక నిండు గర్భిణిని సెనంగ పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే నాలుగు మైళ్లకే కూర్చుంది. ఆమెను ఎద్దులు ఈడ్చే చెక్కబండి ఎక్కించాం. ఎద్దులు మమ్మల్ని దాటి పోతుంటే డ్రైవరు కుఫెకిసా మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాన్పు దారిలోనే అయింది. తల్లీబిడ్డా దక్కారు.

నవంబరులో మా ఊరి మువాంగలాకు నెలలు నిండుతాయి. తొలి కాన్పుకే కడుపు కోశారు. ఆమెను దారిలో కననిస్తే నేను నర్సునే కాను. అప్పటికి వానలు కూడా మొదలవుతాయి.

లివింగ్‌స్టన్‌లో నీకు మెకానిక్ షెడ్డుంది కదా. బండిని జానెడు పైకి లేపే సామాను, పాతదైనా పరవాలేదు, పంపించు. ఇక్కడ వాముండిల బిగిస్తాడు. ఆయన బాగుచేసేది సైకిళ్లే గానీ, పద్ధతి రాసి పంపితే దేన్నైనా బిగిస్తానంటున్నాడు.

ఇట్లు,
నమకావు

తా.క. మా చెల్లి, అదే నీ ఇల్లాలు నోసికు, రాసిన ఉత్తరం అందింది. నువ్వు లావయ్యావట. మిగతా రెండు పేజీలూ ఆ సంగతే.

*

లివింగ్‌స్టన్, సెప్టెంబరు 24

వదినగారికి నమస్కారాలు.

బస్సులో సామాను వేశాను. కమాన్ కట్టలు నాలుగు, పొడుగు షాక్ అబ్జార్బర్లు నాలుగు, బోల్టులు గోనెసంచిలో. యాత్రికులను తిప్పిన బండి నుంచి ఊడదీసినవి. వాడినవే అయినా చేవ చావలేదు.

బరువు ఒకవైపు ఎక్కువ పడుతుంది కాబట్టి కట్టల్లో రెండు గట్టివి. వాటికి ఎర్ర రంగు పూశాను. అవి డ్రైవరు ఉండే వైపు వేయాలి. షాక్ అబ్జార్బర్లను బిగించే ముందు నొక్కి చూడమనండి, వాటంతటవే పైకి రావాలి. బండి లేచాక పాత బ్రేకు గొట్టాలు పొడుగు చాలవు. కొత్తవి వెతుకుతున్నాను. అవి అందేదాకా బండి కదపవద్దు.

మీ మరిది,
ఇలుకేన

తా.క. నేను లావవ్వలేదు. చొక్కాలు ఉతుకుల్లో కుంచించుకుపోయాయి.

*

సిమోంగు, అక్టోబరు 11

మరిదికి దీవెనలు.

బండి లేచింది. ఒక పక్కే లేచింది.

డ్రైవరు ఉండే వైపు అని రాశావు. వాముండిల వెళ్లి చూశాడు. కుఫెకిసా ఎడమ సీట్లో నిద్రపోతున్నాడు. ఎర్రవి అటే వేశాడు. "అట్లా కాదయ్యా" అంటే, "కాగితంలో ఉన్నట్టే చేశానమ్మా, కావాలంటే చదువుకోండి" అన్నాడు. చదివాను. అట్లాగే ఉంది.

ఇప్పుడు బండి కుడిపక్కకు వాలి నిలబడింది. ఎడమవైపు మా ఊళ్లో అందరికన్నా బరువైన మువియా పెద్దమ్మను కూర్చోబెడితే సమానమవుతోంది. "నన్నెందుకు ఎక్కించారే?" అని ఆమె అడిగింది. గౌరవం కోసమని చెప్పాను. బండి మాత్రం అంగుళం కదపలేదు.

పైగా గర్భిణులు ఎక్కలేనంత ఎత్తయింది. ఎక్కించి చూద్దామని వాముండిల వాళ్ల పిండి దంచే రోలు బోర్లించి మెట్టుగా వేశాం. మూడు రోజులుగా వాళ్లింట్లో సంకటి లేదు.

ఇట్లు,
నమకావు

తా.క. షాక్ అబ్జార్బర్లు నొక్కి చూశాం. మూడు వచ్చాయి. నాలుగోది లోపలికి పోయి రాలేదు. రెండు రోజులు ఎదురుచూశాం.

*

లివింగ్‌స్టన్, అక్టోబరు 25

వదినగారికి,

స్టీరింగు! డ్రైవరు వైపంటే స్టీరింగు ఉన్న వైపు! ఆ మహానుభావుడు ఎక్కడ నిద్రపోయినా సరే! ఎర్రవి కుడివైపుకు మార్చమనండి. సైకిళ్ల మనిషి చేతిలో బండి పెట్టడానికి ఒప్పుకున్నది నేనే, నన్ను నేనే తిట్టుకోవాలి.

పొడుగు బ్రేకు గొట్టాలు, ఇంకో షాక్ అబ్జార్బరు, ఇనుప మెట్టు ఒకటి పంపుతున్నాను. లోపలికి పోయినది చచ్చిపోయింది, ఎదురుచూడకండి. గొట్టాలు మార్చాక బ్రేకుల్లో గాలి తీసి, మెల్లగా నడిపి ఆపి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం: చక్రాలు నేల మీద ఉండగా, రోజూ మోసే బరువంతా బండిలో ఉండగా, కమాన్ బోల్టులు చివరి బిగింపు బిగించాలి.

ఇలుకేన

తా.క. నేనే వచ్చేవాణ్ణి. షెడ్డు వదిలితే ఇక్కడ ఒక్క పనీ జరగదు.

*

సిమోంగు, నవంబరు 20

మరిది ఇలుకేనకు,

కట్టలు మార్చాం, గొట్టాలు వేశాం. బ్రేకులు ఆసుపత్రి వాకిట్లో పదిసార్లు చూశాం, పట్టాయి. ఇక రోజూ మోసే బరువు. మందుల పెట్టె, నీళ్ల పీపాలు, టీకాల మనిషి, మువియా పెద్దమ్మ, వారంవారం సెనంగకు వెళ్లే చర్చి పాటగాళ్లు ఆరుగురు, వాళ్ల మేక. అందరినీ ఎక్కించాం. "నేనూ రేపోమాపో వెళ్లేదాన్నే కదా" అంటూ మువాంగలా కూడా మెట్టు పట్టుకుని ఎక్కింది.

వాముండిల కింద పడుకుని చివరి బోల్టు బిగిస్తుండగా పైనుంచి కేక వినపడింది. "ఇంకా గట్టిగానా?" అని ఆయన అడిగాడు. కేక వేసింది మువాంగలా. నొప్పులు మొదలయ్యాయి.

ఎవరినీ దించే తీరిక లేదు. బిగింపు సరిచూసుకుని వాముండిల పానాతోనే ఎక్కాడు. వాన మొదలైంది. నేను మువాంగలా చెయ్యి పట్టుకుని ప్రతి మిట్ట దగ్గరా ఊపిరి బిగబట్టాను. పొట్ట ఎక్కడా తగల్లేదు, మరిదీ. మూడు గంటల దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. పాటగాళ్లు పాడుతూనే ఉన్నారు. సాయంత్రానికి పెద్దాసుపత్రిలో ఆడపిల్ల, మూడు కిలోల పైనే. వరండాలో కూర్చుని నేను ఏడ్చాను. నోసికుకు చెప్పకు.

మేం చేరేసరికి జిల్లా వైద్యాధికారి అక్కడే ఉన్నారు. ఆ ఎత్తు బండీ, అందులోంచి దిగుతున్న జనమూ, ఆఖరున మేకా చూసి, "ఇది బిగించిన మెకానిక్ ఎవరు?" అని అడిగారు. వాముండిల పానా చూపించాడు. జిల్లా బండ్లన్నిటి బాధ్యతా ఆయనకే అప్పగించారు. నిన్న సెనంగకు మకాం మార్చాడు. ఆయన కింద ముగ్గురు మెకానిక్కులున్నారట.

నీ మేలు మరచిపోను.

ఇట్లు,
నమకావు

తా.క. ఊళ్లో సైకిళ్లు పద్నాలుగు మూలన పడ్డాయి. మా మరిది వచ్చి బాగుచేస్తాడని అందరికీ మాట ఇచ్చాను. నీ షెడ్డు సంగతి నోసికు చూసుకుంటుందట. గురువారం బస్సుకు నీకు టికెట్టు కూడా తీసేసిందట.