సీజన్ టికెట్ మీది పేరు

తాంబరం,
బుధవారం.

నాయనకు,

నేను బతికే ఉన్నాను. మద్రాసు పోలీసులు పంపిన తంతి నమ్మొద్దు, కర్మకు చేసే ఏర్పాట్లు ఆపు. అక్కమ్మ వదిన ఇది చదువుతుంటే "నిజంగా వాడేనా?" అని మళ్లీ మళ్లీ అడుగుతావు. నేనే. శుక్రవారం జ్వరమొచ్చి పనికి పోలేదు, అంతే.

వదినా, ఇక్కడి నుంచి పైకి చదవొద్దు. మనసులో చదువుకో.

ఆ రోజుకు మీ ఆయన, రాజారత్నం అన్న, సీజన్ టికెట్ గడువు అయిపోయింది. "నీది ఊరికే ఉండాది గదబ్బా, ఇట్లియ్యి" అని నాది జేబులో పెట్టుకుని బీచ్ స్టేషన్‌కు పోయే కరెంటు రైలెక్కాడు. లోపల చోటు లేక తలుపు దగ్గర వేలాడాడట. సైదాపేట దాటాక స్తంభం తగిలింది. జేబులో దొరికిన టికెట్ మీద నా పేరు, మన ఊరు ఐరాల అడ్రసు ఉన్నాయి.

శనివారం ఆస్పత్రికి పోయి అన్న ముఖం చూశాను. నా టికెట్ ఇంకొకరికి ఇచ్చినందుకు కేసు పెడతారని భయపడి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. నిన్న పోయి నిజం చెప్పాను. ఎవరూ రాలేదని అప్పటికే నా పేరుతో పూడ్చేశారు.

వదినా, నువ్విప్పుడు మా నాయన పక్కనే కూర్చుని ఉంటావు. "ఇంకేమి రాసినాడమ్మా?" అని ఆయన సంతోషంగా అడుగుతుంటాడు. ఆయనకు చెప్పే పని కూడా నీ మీదే వేశాను.