మీటరు వెనక డబ్బా

ఒరేయ్ తమ్ముడూ, ఈ చీటీ చూడగానే చెప్పులు విప్పకు. పిన్ని తలుపు తీయడం లేదు. లోపల ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఆవిడ ఇంటి రెండో తాళంచెవి కోసం పరిగెత్తుకొచ్చాను. మన మీటరు వెనక అతికించిన అయస్కాంతం డబ్బా తెరిస్తే లోపల చుట్టిన కాగితం! "శభాష్, జియోకాష్ దొరికింది! పేరు, తేదీ రాసి ఉన్నచోటే పెట్టండి" అని నీ చేతిరాత.

అంటే నిన్న నువ్వు ఊళ్లో దాచొచ్చింది పిన్ని తాళంచెవిని. ఈ జియోకాష్ దాగుడుమూతల ఆటంటూ చెట్టు తొర్రలో సీసా, బెంచీ కింద చీటీ దాచిన ఉత్తుత్తి బోల్టు పెట్టి, ఫోన్లో ఆనవాళ్లిచ్చి జనం చేత వెతికిస్తుంటే నవ్వాను. తాళంచెవి డబ్బా, నీ ఆట డబ్బా ఒకేలా ఉన్నాయి, ఒకదానికి రంగు వెయ్యరా అని మాత్రం నెత్తీనోరూ మొత్తుకున్నాను.

ఎక్కడ పెట్టావో నీకే తెలుసు. ఫోనేమో ఇంట్లోనే వదిలేసి పోయావు. వెంటనే వెళ్లి డబ్బా తీసుకుని తిన్నగా పిన్ని ఇంటికి రా. వడ్రంగి కూడా ఫోను ఎత్తడం లేదు, అతని కొట్టుకు వెళ్తున్నాను. దొరికితే తలుపు పగలగొట్టిస్తాను.

ఇంకో మాట. "పిన్నీ, వాడొచ్చాడు" అని కిటికీలోంచి అబద్ధం చెప్పి పిలిచాను. నువ్వొచ్చావంటే నిద్రలో కూడా పలికే మనిషి. పలకలేదురా.