ఏడాది తిరగని ఇల్లు

ఆర్మూర్,
మంగళవారం.

మధుకర్ అన్నకు,

చెల్లె స్వర్ణలత నమస్కారాలు. రెండు రోజులుగా ఇక్కడ మబ్బు పట్టింది. చినుకు పడితే పసుపు నల్లబడుతుందని టార్పాలిన్ పట్టాలు కప్పడం, ఎండ రాగానే తీయడం, అదే పని. పొద్దంతా సేటు దగ్గర పసుపు కొమ్ములూ, మండ దుంపలూ వేరు చేసి ఇప్పుడే వచ్చాను. నా ఒంట్లో బాగానే ఉంది. అమ్మ మోకాలు నయమైంది. నువ్వూ నీ గదిలోవాళ్ళూ కులాసా అని తలుస్తాను. నువ్వు ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడతావు, చుట్టూ మనుషులుంటారు. అందుకే సెలవు అయిపోయి దుబాయి వస్తున్న మన వాడకట్టు గంగాదాస్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు అడిగినవి: పసుపు ధర పోయినేటంత లేదు. ఇంటి మీద పగిలిన రేకు మార్పించాను. కెమెరా వాళ్ళెవరని అడిగితే పసుపు పంట మీద సినిమా అని చెప్పాను కదా. పంట మీద కాదు. ఆడవాళ్ళతో ఆడవాళ్ళు, మగవాళ్ళతో మగవాళ్ళు కలిసి బతుకుతున్న ఇళ్ళ మీద. పెండ్లి హక్కు కోసం కోర్టుకు పోయినవాళ్ళు, తోడు పోయాక ఏమీ కానివాళ్ళుగా మిగిలినవాళ్ళు అందులో ఉన్నారు. తీసేది అక్షిత అనే హైదరాబాద్ అమ్మాయి. నిరుడు పంటప్పుడు వచ్చి, మన వెనక గదిలో ఉన్న నందినిని, హక్కు వస్తే మీరిద్దరూ పెండ్లి చేసుకుంటారా అని అడిగింది.

"ఊరందరి పెండ్లిళ్ళకు పసుపు మేమే ఏరుతం. మాకు పుయ్యమంటే ఎవలొస్తరు?" అని నందిని నవ్వింది.

నందిని మీకేమవుతుందని అక్షిత అమ్మను కూడా అడిగింది.

"మా ఇంటి మనిషి. ఇంక సాలు గని, చాయ్ తాగు బిడ్డా," అంది అమ్మ.

వానాకాలంలో నందినికి జ్వరం ముదిరింది. దవాఖానలో "నువ్వేమైతవ్?" అని అడిగారు. "దోస్తును," అన్నాను. బయట ఉండమన్నారు. ఆమె పోయాక వాళ్ళ అన్న కాశీరాం వచ్చి శవాన్ని వాళ్ళ ఊరు ముప్కాల్ తీసుకుపోయాడు. అక్కడ వాకిట్లో అందరి వెనక నిలబడ్డాను. నీకు చెబితే అయ్యో అన్నావు. మరుసటి వారమే నాకు వేల్పూర్ సంబంధం మాట ఎత్తావు.

పోయిన నెల అక్షిత మళ్ళీ వచ్చింది. నందిని నాకు ఎవరో ఒక్క మాట చెప్పమంది. అది చెప్పకపోగా, నీ బిడ్డకు సంబంధాలు చూస్తున్నావని, నా ముఖం కనపడకుండా చెయ్యమన్నాను.

ఆదివారం వేల్పూర్ వాళ్ళు వచ్చారు, నువ్వే పంపావట. భార్య పోయిన ఆ జయరాజ్ తలెత్తలేదు. వాళ్ళ అక్క రత్నవ్వే మాట్లాడింది.

"పిల్లకు జర వయసెక్కింది గని పనిమంతురాలు. మావోడు గూడ కొత్త పెండ్లికొడుకేం గాదు. వైశాఖంల కానిద్దాం."

"మా ఇంట్ల ఏడాది తిరగలే అక్కా. ఇప్పుడు పెండ్లి మాట వద్దు," అన్నాను. అనాలని అనుకోలేదు, వచ్చేసింది.

"మీ నాయిన పోయి మస్తు ఏండ్లాయె. ఇంకెవలు పోయిండ్రు?"

"నందిని."

"కిరాయికున్నదానికి ఏడాది పాటిస్తరా ఎవలన్న? గామె మీకేం సుట్టం?"

"కిరాయికి లేదు. నాతోటి ఉన్నది. మొగడు పోతే ఎట్లనో నాకు గట్లనే."

అన్నా, నీకు చెప్పవలసిన మాట వాళ్ళకు ముందు చెప్పాను. వాళ్ళ నోట వినకముందే నీకు అందాలని రాస్తున్నాను.

"ఏం లసుమవ్వా, నీకెర్కనేనా?" అని రత్నవ్వ అమ్మను అడిగింది. అమ్మ చాయ్ గ్లాసులు ఏరుకొని లోపలికి పోయింది. వాళ్ళు పోయాక నాతో అంది: "నాకెర్కలేదా? ఇన్నేండ్లు ఇద్దరికి బువ్వ పెట్టలేదా? నోటితోని అనాల్నా?"

నిన్న పనిలో పక్కవాళ్ళు దూరం జరిగి కూర్చున్నారు. సేటు ఇంకా ఏమీ అనలేదు. ముఖం ఉంచమని అక్షితకు ఫోను చేశాను. ఇక్కడ దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. నందిని గొంతు కూడా ఆ సినిమాలోనే ఉంది. ఇల్లు నీ పేరు మీద ఉంది, ఖాళీ చెయ్యమంటే చేస్తాను. ఎక్కడికన్నది తెలియదు. ఆర్మూర్‌లో నాకిప్పుడు గది ఎవరూ ఇవ్వరు. నీ బిడ్డ సంబంధం చెడితే నన్ను అను, అమ్మను అనకు.

వేల్పూర్ వాళ్ళు ఆదివారం పదకొండు గంటలకు వెళ్ళారు. అమ్మ సోమవారం పొద్దున ఆటోలో నందిపేట్, చిన్నమ్మ ఇంటికి వెళ్ళింది. బట్టలన్నీ తీసుకుపోయింది.

ఇట్లు,
నీ చెల్లె
స్వర్ణలత