తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు

జూన్ 3, మంగళవారం

ఇవాళ ఆఫీసులో నాకు చప్పట్లు కొట్టారు. మా క్లయింటు రిపేరు కంపెనీ కోసం నేను తయారుచేసిన వెబ్ పేజీలు నూట నలభై అయ్యాయట. బాసు నన్ను అందరి ముందూ నిలబెట్టి, ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి అన్నాడు. ఆయన్ని మేం చాటుగా నంబర్‌వన్ అంటాం. ఏ క్లయింట్ వచ్చినా ఆయన మొదటి మాట అదే. మిమ్మల్ని సెర్చ్‌లో నంబర్ వన్ చేసి చూపిస్తా అంటాడు.

కంపెనీ అంటే కుట్టు మిషన్ నుంచి గీజర్ దాకా అన్నీ బాగుచేస్తామని చెప్పుకునే కంపెనీ. వాళ్లకి ఉన్నది ఊరి చివర ఒక షెడ్డు. నేను మాత్రం ఊళ్లో ఉన్న ప్రతి వీధి పేరు మీదా ఒక పేజీ పెట్టాను. మీ వీధిలోనే మా మెకానిక్, పది నిమిషాల్లో మీ గుమ్మంలో, అని. వీధి పేరు మారుతుంది, మిగతాదంతా మక్కీకి మక్కీ. ఆ వీధుల్లో మెకానిక్ లేడు, షాపు లేదు, కనీసం ఒక బోర్డు కూడా లేదు. తెలుసు. తెలిసే రాశాను. అందరూ చేసేదే కదా.

జూన్ 5, గురువారం, ఉదయం

కింద షాపులో బాబాయి స్క్రూలు సైజుల వారీగా ఏరుతున్నాడు. నిన్న ఏరినవే. షాపు కింద, మేం పైన రెండు గదుల్లో. నాన్న పోయాక నన్ను పెంచింది బాబాయీ పిన్నీనే. కుట్టు మిషన్లు బాగుచేసిన డబ్బుతోనే బాబాయి నన్ను చదివించాడు.

నెల మొత్తం మీద వచ్చినవి మూడే మిషన్లని పిన్ని చెప్పింది. కంపెనీ వాళ్లు మెకానిక్‌గా రమ్మని పిలిచారట. ఆగస్టు నెలాఖరు దాకా చూస్తాను, ఇలాగే ఉంటే షాపుకి తాళం వేసి వాళ్ల చొక్కా తొడుక్కుంటాను అన్నాడట. ముప్ఫై ఏళ్లలో ఒక్కడికి కూడా చిత్తం అనని మనిషి!

మధ్యాహ్నం

భోజనం మధ్యలో లేచి, మా వీధి పేరు కొట్టి సెర్చ్ చేశాను. మొదట వచ్చింది కంపెనీ పేజీ. మా వీధిలోనే వాళ్ల మెకానిక్ ఉన్నాడట. నేను రాసిందే. నూట నలభైలో ఎనభై ఆరోది. రాసేటప్పుడు చదవను కూడా చదవలేదు. వీధుల లిస్టు అతికిస్తే పేర్లు వాటంతట అవే పడిపోతాయి. మా వీధి పేరు నా వేళ్ల కింద నుంచే వెళ్లింది, నేను చూడలేదు.

బాబాయి షాపు ఎక్కడా లేదు. ఆయన నోటి కాడి కూడు లాగేసి చప్పట్లు కొట్టించుకున్నాను. ఛీ.

జూన్ 6, శుక్రవారం

సరే, చూసుకుందాం. దొంగ పేజీలు కట్టడంలో ఆ ఆఫీసులో నన్ను మించినవాళ్లు లేరు. ఊళ్లోవాళ్ల కోసం చేసింది మా ఇంటి కోసం చేస్తే తప్పా?

జూన్ 8, ఆదివారం

కాలేజీ రోజుల్లో బాబాయి షాపుకి ఒక చిన్న సైటు కట్టిచ్చాను. ఇవాళ దాన్ని దుమ్ము దులిపాను. పైన షాపు పేరు, అడుగున ఫోన్ నంబరు, మధ్యలో తెల్లటి ఖాళీ.

ఖాళీ అని చూసేవాళ్లు అనుకుంటారు. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో రాసిపడేశాను. కుట్టు మిషన్ రిపేరు, చవక రిపేరు, మంచి రిపేరు, దగ్గర్లో రిపేరు, మళ్లీ రిపేరు, ఆ వెనక వంద వీధుల పేర్లు. మనిషి కంటికి కనపడదు, సెర్చ్ మాత్రం చదువుకుని ఇదేదో పెద్ద షాపనుకుంటుంది. పాత ట్రిక్కే. పట్టుబడితే సైటే గల్లంతవుతుంది. పట్టుబడినప్పటి సంగతి కదా.

తర్వాత నలభై పేర్లతో నలభై రివ్యూలు. గృహిణులు, టైలర్లు, ఒక రిటైర్డ్ సైనికుడు కూడా. ఆయనకి కుట్టు మిషన్ ఎందుకో నాకూ తెలియదు. పిన్ని చదివి, మిమ్మల్ని ఇంతలా పొగిడిన ఈవిడెవరండీ అని బాబాయిని అడిగింది. ఎవరో కస్టమరై ఉంటుందన్నాను. పేజీ శుభ్రంగా, తెల్లగా, హడావుడి లేకుండా ఉందని బాబాయి మెచ్చుకున్నాడు. నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను.

జూన్ 19, గురువారం

మూడో స్థానం! శభాష్ నాకు.

జూన్ 24, మంగళవారం

పొద్దున ఒకావిడ షాపుకి ఫోన్ చేసింది. ఆరుగురు ఆడవాళ్లని పెట్టుకుని సంచులు కుట్టిస్తుందట, తనూ కుడుతుందట. కళ్లు కనపడవు. పేజీలో ఉన్నదాన్ని ఆవిడ ఫోనే పైకి చదివి వినిపిస్తుంది.

ఉన్నదంతా చదువుతుంది. తెల్ల అక్షరాలయితే దానికేమిటి?

అయ్యా, మీ షాపులో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగిందట బాబాయిని. మీ పేజీ రిపేరు రిపేరు అని ఒకటే కలవరిస్తోంది, తర్వాత ఊళ్లో వీధులన్నీ తిరిగింది, ఫోన్ నంబరు దాకా వచ్చేసరికి నా టీ చల్లారిపోయింది అందట. రెండుసార్లు విసుగొచ్చి మూసేసిందట కూడా. రివ్యూల సంగతీ ఎత్తింది. నా ఫోను ఎవరు రాసినా ఒకే గొంతుతో చదువుతుంది, అయినా సరే ఆ నలభై మందీ ఒక్క మనిషేనని నాకు తెలిసిపోయింది అందట.

బాబాయి పైకి వచ్చి, ఏదీ, చూపించు అన్నాడు. అరవలేదు. మౌస్ పట్టి పేజీ మీద పైనుంచి కిందికి లాగాను. నీలం పట్టీ కింద అక్షరాలన్నీ లేచి నిలబడ్డాయి. తెర మీద వేలు పెట్టి మొత్తం చదివాడు. వంద వీధులూ చదివాడు. అప్పుడు అన్నాడు, నా పేరు మీద, నా కంటికి కనపడకుండా రాశావా అని.

నేను ఊరుకుంటానా. అందరూ ఇంతే చేస్తారన్నాను. కంపెనీ ఇలా చేసే నీ పొట్ట కొడుతోందన్నాను. ఆ పేజీలు రాసింది నేనేనని కూడా నోరు జారి చెప్పేశాను. మడి కట్టుకుని కూర్చుంటే షాపు మిగలదన్నాను. పోతే పోతుంది, పోయేటప్పుడు అది నా షాపయి ఉండాలి కదే అన్నాడు బాబాయి. కిందికి వెళ్లిపోయాడు.

సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు కోపం వచ్చింది. ఈ డైరీలో కూడా అబద్ధం రాయడం ఎందుకు.

జూన్ 25, బుధవారం

అంతా చెరిపేశాను. నలభై మంది మనుషులు అయిదు నిమిషాల్లో పోయారు. సైనికుడి గురించి మాత్రం కొంచెం బాధపడ్డాను.

జూలై 2, బుధవారం

ముప్ఫై ఎనిమిదో స్థానం. నాలుగో పేజీ. అక్కడికి దారి తప్పినవాళ్లు కూడా రారు.

జూలై 6, ఆదివారం

నిజం చెప్పి పైకి రాలేమని ఎవడన్నాడు? నంబర్‌వన్ అన్నాడు. ఆయన ఎప్పుడైనా ప్రయత్నించి చూశాడా?

నోట్‌బుక్ పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. జనం ఫోన్లో నిన్నేం అడుగుతారో చెప్పు బాబాయ్ అన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు, మధ్యాహ్నం దాకా ఆపలేదు. టక్కుటక్కుమంటే సూది వంగినట్టు. గరగరమంటే షటిల్ కింద దారప్పోగులు చేరినట్టు. కుట్టు అడుగున దారం గుత్తులు కడితే తప్పు కింద కాదు, పైదారం సరిగ్గా ఎక్కించలేదు. ఈయన ఇంత మాట్లాడగలడని నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఆయన అన్నది అన్నట్టే రాసుకున్నాను.

అన్నిటికన్నా పైన ఏం పెట్టమన్నాడో తెలుసా? ముందు మీరే సూది మార్చి చూడండి, సగం జబ్బులు దాంతోనే పోతాయి, నా దగ్గరికి రానక్కర్లేదు అని. సొంత షాపు గుమ్మంలో రాకండి అని ఎవరైనా రాసుకుంటారా అన్నాను. రాయవే అన్నాడు. ఏడు వీధులకి మాత్రమే వస్తానని రాయించాడు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు నాకు రావు అని కూడా. పిన్ని తల పట్టుకుంది.

ప్రతి ఫోటో కిందా అందులో ఏముందో ఒక వాక్యం రాశాను, సంచులావిడ ఫోను చదివి చెప్పడానికి. తర్వాత ఆవిడకే ఫోన్ చేసి ఒకసారి వినమన్నాను. నా నోటితో నేనే క్షమించమని అడిగాను. విని, ఇప్పుడు మీ షాపుకి జ్వరం తగ్గింది అంది. తమ సంచుల పేజీలో మా లింకు పెడతానంది. అలా ఇతరులు లింకు ఇస్తే సెర్చ్ ఆ షాపుని నమ్మి పైకి తెస్తుంది. నేను అడగలేదు. అడక్కుండా ఒకరు ఇచ్చిన లింకు నా ఉద్యోగంలో ఇదే మొదటిది.

జూలై 15, మంగళవారం

ముప్ఫై ఒకటి.

జూలై 29, మంగళవారం

ఇరవై రెండు. ఫోన్లు వస్తున్నాయి. సూది మార్చాం, బాగైపోయింది, థాంక్సండీ అని చెప్పడానికి. థాంక్స్‌తో పొయ్యి వెలుగుతుందా అంది పిన్ని. అయినా తగ్గేది లేదు.

ఆగస్టు 6, బుధవారం

పద్నాలుగు. నంబర్‌వన్ కూడా చూశాడు.

గదిలోకి పిలిచాడు. ఏదో బుల్లి షాపు పైకి ఎగబాకుతోందని కంపెనీవాళ్లు గోల పెడుతున్నారట, దాన్ని ముంచెయ్యమన్నాడు. పద్ధతి నాకు తెలిసిందే. జూదం సైట్లు, దొంగ మందుల సైట్లు ఉంటాయి. వాటినుంచి వేలకొద్దీ లింకులు ఆ షాపు మీదికి మళ్లిస్తే, సెర్చ్ ఇదేదో మురికి షాపనుకుని తొక్కేస్తుంది. తెర నా వైపు తిప్పాడు. మా షాపు బల్ల. ఫోటో చివర బాబాయి మోచెయ్యి.

ఆయన మా బాబాయి అన్నాను.

కాసేపు గోళ్లు చూసుకున్నాడు. అయితే నీకు వేరే పని ఇస్తా, ఇది పక్క సీటతను చేస్తాడు, ఇంట్లో బాబాయైతే ఆఫీసులో కాదు కదా అన్నాడు. ఎంత తీయగా అన్నాడో! ఇక్కణ్ణించి ఒక్క లింకు మా షాపు మీద పడినా, ఈ గదిలో విన్నదంతా పేరుపేరునా రాసి మన క్లయింట్లందరికీ పంపుతాను అన్నాను. బెదిరిస్తున్నావా అన్నాడు. అవునండీ అన్నాను. ఈ జన్మలో ఇంత హాయిగా అవును అన్నది లేదు.

నా కప్పూ దువ్వెనా తీసుకుని వచ్చేశాను. పక్క సీటతను తలెత్తలేదు. పాపం, ఇంట్లో ఇద్దరు పిల్లలు.

సాయంత్రం

సెర్చ్ వాళ్లకి ఫిర్యాదు చేసే ఫారం ఒకటుంది. కంపెనీ పేజీలు నూట నలభై, అన్నీ ఎక్కించాను. ఇవి దొంగ పేజీలని మీకెలా తెలుసు అని అందులో ఒక గడి ఉంది. నేనే రాశాను కనక అని నింపాను.

ఆగస్టు 7, గురువారం

పిన్ని పొద్దుట్నుంచి తిడుతోంది. మధ్యలో వచ్చి అన్నం పెట్టింది, మళ్లీ వెళ్లి తిట్టింది.

ఆగస్టు 27, బుధవారం

ఎనిమిది. మొదటి పేజీలో అడుగున. ఈ వారం తొమ్మిది మిషన్లొచ్చాయి. కంపెనీ పేజీ ఇంకా నెత్తిమీదే కూర్చుంది. ఫిర్యాదుకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కంపెనీ నుంచి బాబాయికి ఫోన్, సోమవారం వచ్చి ఉద్యోగానికి సంతకం పెట్టమని. సరేనన్నాడు. తొమ్మిది మిషన్లు కనపడట్లేదా అని అరిచాను. తొమ్మిది వారాలు ఇలాగే వస్తాయని నువ్వు రాసివ్వగలవా అన్నాడు. రాసివ్వలేను. ఇక అబద్ధం రాయలేను కదా.

సెప్టెంబర్ 1, సోమవారం

బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. పిన్ని కళ్లు తుడుచుకుంటూనే, జాగ్రత్తగా వెళ్లండి, నోరు పారేసుకోకండి అంటోంది. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. చిన్నపిల్లవా లేవవే అన్నాడు. లేవనన్నాను.

అప్పుడు మోగింది ఫోన్. ఎత్తింది నేనే. ఒకమ్మాయి, కంపెనీ కాల్ సెంటర్ నుంచి. మా పక్క వీధిలో ఒకావిడకి పది నిమిషాల్లో మెకానిక్ అని చెప్పి మూడు రోజులైందట. ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసి ఏడిపించేసిందట. పంపడానికి మనిషి లేడు. ఏం చెయ్యాలో తోచక ఆ అమ్మాయే సెర్చ్‌లో వెతుక్కుంటే మా పేజీ దొరికిందట. మొత్తం చదివాను, మీరైతే నిజంగా వస్తారనిపించింది అంది. కంపెనీ మనిషినని చెప్పి వెళ్లమని మీ వాళ్లకి చెప్పండి మేడమ్, ప్లీజ్ అని బతిమాలింది.

ఫోన్ బాబాయికిచ్చాను. అంతా విన్నాడు. తల్లీ, పని చేస్తాను, ఇప్పుడే వెళ్తాను, మీ పేరు చెప్పుకుని మాత్రం వెళ్లను అన్నాడు. మా షాపు పేరు చెప్పి పంపించు, లేకపోతే ఆవిడకే నా నంబరివ్వు అన్నాడు. మా వాళ్లు ఒప్పుకోరండీ అందట. ఒకసారి అడిగి చూడమ్మా అని పెట్టేశాడు.

స్క్రూడ్రైవర్ల సంచీ తగిలించుకుని పక్క వీధికి బయల్దేరాడు. మరి సంతకం అంటూ పిన్ని వెనకాలే వెళ్లింది. మెకానిక్ కావాలని వాళ్లే నన్ను వెతుక్కుంటూ ఇక్కడికొస్తుంటే, నేనక్కడికెళ్లి ఏం చెయ్యనే అన్నాడు.

గుమ్మంలో కూర్చుని ఎలుగెత్తి ఏడ్చాను. ఎదురింటివాళ్లు చూశారు. చూడనీ.

సెప్టెంబర్ 3, బుధవారం

కంపెనీ సైట్లో మా వీధి పేజీ ఇవాళ మారింది. ఈ వీధిలో మాకు మెకానిక్ లేడు, ఉన్నాయన నంబరు ఇదీ, అని ఉంది. బాబాయి నంబరు. నేను మానేశాక ఆ పేజీల పని పక్క సీటతనిది.

గంటలో తీసేశారు. ఈలోగా పదకొండు ఫోన్లు.

ఆ నూట నలభైలో నిజం చెప్పిన పేజీ అదొక్కటే. అది నేను రాయలేదు.