కోట గడ్డిలో వదిన మెట్టె

శనివారం రాత్రి, వేల్స్

పొద్దున బీచ్‌లో అన్నయ్య మెటల్ డిటెక్టర్‌కు దొరికినవన్నీ సీసా మూతలే. అయినా నవ్వుకున్నాం.

మధ్యాహ్నం పాత కోట దగ్గర, గడ్డి మెత్తగా ఉందని వదిన చెప్పులు విప్పి నడిచింది. ఎడమకాలి మెట్టె ఎక్కడో జారిపోయింది. అన్నయ్య డిటెక్టర్ తీయగానే కాపలా ఆవిడ పరుగున వచ్చింది. రక్షిత కట్టడాల దగ్గర అది వాడటం నేరమట. మన వస్తువైనా సరే. అనుమతికి వారాలు పడతాయట. మేం రేపే లండన్‌లో హారోలోని ఇంటికి వెళ్లిపోవాలి.

కోట మూసేదాకా చేతులతోనే గడ్డంతా వెతికాం.

“పెళ్లిలో వంగి తొడిగావుగా, ఇంకోసారి వంగు,” అని వదిన అన్నయ్యను ఆటపట్టించింది.

కారెక్కాక మాత్రం మెల్లగా అడిగింది: “రెండోది తీసెయ్యనా, ఉంచుకోనా?”

అన్నయ్య కారు స్టార్ట్ చేయలేదు.