నేనున్నానుగా

బుజ్జీ,

"అక్క ఆసుపత్రిలోనే నర్సు కదా, కాన్పుకు అక్క దగ్గరికే వెళ్తా" అని నువ్వు అందరికీ చెబుతున్నావట. అమ్మ ఫోన్లో ఒకటే మురిసిపోయింది. రావద్దు. అలగకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మా ఆసుపత్రికి ప్రభుత్వం డబ్బులు ఆపేసింది. ముందు రాత్రి డ్యూటీ డాక్టరమ్మను తీసేశారు, తర్వాత మత్తు డాక్టరు తనే వెళ్లిపోయాడు. రక్తం దాచే ఫ్రిజ్ చెడిపోతే బాగుచేయించే దిక్కు లేక దాన్నిండా పాత దుప్పట్లు కుక్కాం. పై ఆఫీసుకు రాసీ రాసీ నా చేతులు పడిపోయాయి. "నిధులు రాగానే చూస్తాం" అంటారు. నిధులొచ్చేదాకా కారకుండా ఆగమని రక్తానికి నేను చెప్పనా?

పెద్దాడు పుట్టినప్పుడు ఎంత రక్తం పోయిందో నీకు తెలీదు, స్పృహలో లేవు. నాకు తెలుసు. ఆ రోజు ఆ ఫ్రిజ్‌లో రక్తం ఉండబట్టే ఇవాళ నువ్వున్నావు. మొన్న ఇక్కడ ఒకామెకు ఏం జరిగిందో నీకు రాయలేను. కడుపుతో ఉన్నదానివి.

నొప్పులు రాకముందే పెద్దాసుపత్రి ఉన్న ఊళ్లో గది తీసుకోండి. దూరమని, ఖర్చని మీ ఆయన సణిగితే ఈ ఉత్తరం చూపించు. నీ కాళ్లు పట్టుకుంటానే, నా మాట విను.

ఇక్కడ నొప్పులు పడుతున్న ప్రతి తల్లి చెయ్యీ పట్టుకుని "ఏం కాదమ్మా, నేనున్నానుగా" అంటున్నాను. ఇంకెక్కడికీ వెళ్లలేని వాళ్లకు ఇంకేం చెప్పను? మొన్నటామెకూ అదే చెప్పాను. నమ్మింది.

నువ్వు నమ్మకు.

నీ అక్క