నీలం దారం ముళ్లు

అక్కా,

జీతం ఎక్కువొచ్చిందని ఫోనులో చెబితే, "నోరు మూసుకుని ఉంచేసుకో, ఆ ఓనరేం చితికిపోడు" అన్నావుగా. బుద్ధిగా ఉంచేసుకున్నాను. మీ మరిదికి చెప్పులు, నాకో గొడుగు కూడా చూసిపెట్టుకున్నాను.

మా కుట్టు షెడ్డులో ఎవరు కుట్టిన చొక్కాకి వాళ్ల రంగు దారం ముడేస్తాం. నెలాఖరున మాస్టరు ఆ ముళ్లు లెక్కేసి డబ్బులిస్తాడు. నాది నీలం. నిన్న చూద్దును కదా, పక్క మిషను మీద కొత్తగా చేరిన ఓ పిన్ని కూడా నీలమే ముడేస్తోంది! తన తెల్ల దారం ఎప్పుడో అయిపోయి, నా డబ్బాలోంచి తీసుకుందట. అన్నాల దగ్గర, "పోయిన నెల సగమే వచ్చిందమ్మా, వయసైపోయింది, చేయి సాగట్లేదు" అని తన చేతులకేసి చూసుకుంది. నాకెందుకు ఎక్కువొచ్చిందో అప్పుడర్థమైంది.

ఓనరు సొమ్మయితే నీ మాటే వినేదాన్ని. ఇది పిన్నిదాయె! చేయి కడుక్కుని వెళ్లి మాస్టరుకి చెప్పేశాను. పిన్ని డబ్బులు పిన్నికి చేరాయి. ఓనరుగారు తెగ మెచ్చుకుని, ముళ్లు లెక్కపెట్టే పని నాకే అప్పగించారు. ఇక ఈ షెడ్డులో పొరపాటున కూడా ఎవరికీ ఎక్కువ రాదు. నాక్కూడా.

అందుకని నీ పాత గొడుగు పంపించు. వానలు మొదలయ్యాయి.

నీ మాట వినని చెల్లి